దేని నుంచి రక్షణ?

ప్రశ్న: నాకు ముప్పై దాటాయి. ఒక స్నేహితురాలు పిలిస్తే కొన్ని నెలలుగా ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాను. పాటలు బాగుంటాయి, మనుషులు ఆప్యాయంగా ఉంటారు. కానీ కనిపించిన ప్రతివాళ్లూ "రక్షణ పొందారా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచదు. దేని నుంచి రక్షణ? నేను తెలిసి ఎవరికీ అన్యాయం చేసినదాన్ని కాను. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందట ఒకాయన చనిపోతే ఇప్పుడు నా పాపం ఎలా పోతుంది? నమ్మితే చాలు అంటారు, మరి నమ్మేశాక ఎలా బతికినా ఫరవాలేదా? ఈమధ్య ఒక పెద్దావిడ "ఈ వారమే తేల్చుకో, రేపు నీది కాదు" అన్నారు. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. నాకు అర్థమయ్యేలా చెప్పగలరా? – ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు చివర రాసిన సంగతికే ముందు జవాబు చెబుతాను. ఈ వారమే తేల్చుకోవాలని మిమ్మల్ని ఎవరూ తరమకూడదు. ఆ పెద్దావిడ మీ మీద ప్రేమతోనే అని ఉంటారు, అందులో నాకు సందేహం లేదు. రేపు మన చేతుల్లో లేదన్నదీ నిజమే. అయినా భయంతో "సరే" అన్న మాట విశ్వాసం అనిపించుకోదు. తన వెంట గుంపులు గుంపులుగా వస్తున్న జనంతో యేసు ఏమన్నాడో లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు. వస్తామన్నవాళ్లతోనే, ఆగి ఆలోచించుకోమన్నాడు.

నీకొదేము అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. యూదుల సభలో సభ్యుడు, చదువుకున్నవాడు. రాత్రిపూట యేసు దగ్గరకు వచ్చి ప్రశ్నలు అడిగాడు. యోహాను సువార్త 3వ అధ్యాయంలో ఆ సంభాషణ అంతా ఉంది గానీ, ఆ రాత్రి ఆయన ఏం నిర్ణయించుకుని ఇంటికి వెళ్లాడో యోహాను రాయలేదు. మళ్లీ 7వ అధ్యాయంలో కనిపిస్తాడు. విచారించకుండా మనిషిని దోషి అనవచ్చా అని సభలో ఒక్క మాట అంటాడు, అంతే. చివరికి 19వ అధ్యాయంలో, శిష్యులు చాలామంది చెదిరిపోయిన వేళ, యేసు దేహాన్ని సమాధి చేయడానికి సుగంధద్రవ్యాలు పట్టుకుని వస్తాడు. ఆయనకు అంత సమయం పట్టింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడికి ఒక్క రాత్రి సరిపోయింది. ఎవరి నడక వారిది. కాబట్టి ఈ రాత్రి హాయిగా పడుకోండి. ప్రశ్నలు అడిగేవాళ్ల మీద దేవుడికి కోపం ఉండదు.

ఇక దేని నుంచి రక్షణ అన్నది. దేని నుంచి కాదో ముందు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. యేసును నమ్ముకుంటే జబ్బులు పోతాయి, అప్పులు తీరతాయి, ఉద్యోగం వస్తుంది అని ఎవరైనా మాట ఇస్తే, వాళ్లు సువార్త చెప్పడం లేదు. దేవుడు బాగు చేయగలడని నేను నమ్ముతాను, అందుకోసం ప్రార్థిస్తాను కూడా. కానీ ఆయన అలా మాట ఇవ్వలేదు. తొలినాళ్లలో ఊరూరా సువార్త చెప్పిన పౌలు సంగతే చూడండి. కొరడా దెబ్బలు తిన్నాడు, చెరసాలల్లో ఉన్నాడు, ఓడ పగిలి సముద్రంలో పడ్డాడు. ఒంట్లో ముల్లులా తనను బాధించేదొకటి ఉందని, దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకు రాశాడు. అది పోలేదు. "నా కృప నీకు చాలు" అన్న జవాబు వచ్చింది. ఆ జవాబుతోనే ఆయన బతికాడు.

రక్షణ పాపం నుంచి. ఈ మాట వినగానే మీ మనసు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. "నేనేం హత్యలు చేశానా, దొంగతనాలు చేశానా" అనిపిస్తుంది. మీరు మంచి మనిషి కారని నేను అనడం లేదు. బైబిలు పాపాన్ని చూసే చోటు వేరు. ఆదికాండము 3వ అధ్యాయంలో తప్పు చేసిన మనుషులు చేసిన మొదటి పని చెట్ల చాటున దాక్కోవడం. దేవుడు అడిగిన మొదటి ప్రశ్న "ఎక్కడున్నావు?" అని. మనిషి తనను చేసిన దేవుడి నుంచి మొహం చాటేసి, తన బతుకు తనదే అనుకుని బతకడం, అదీ అసలు జబ్బు. అబద్ధం, అసూయ, క్రూరత్వం దాని లక్షణాలు. లక్షణాలు కొందరిలో పైకి కనిపిస్తాయి, కొందరిలో మర్యాద కింద అణిగి ఉంటాయి.

ఇది యేసు ఒక కథలో చెప్పాడు. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కొడుకు కథ మీరు వినే ఉంటారు. ఆస్తిలో వాటా పట్టుకుపోయి తగలేసిన చిన్నవాడు తిరిగి రావడం, తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి మెడ మీద పడి ముద్దు పెట్టుకోవడం, వీటి మీద ఎన్నో ప్రసంగాలు వస్తాయి. మీరు మాత్రం కాస్త ఆగి పెద్దవాణ్ని చూడండి. మీ ప్రశ్నకు జవాబు అతని దగ్గరే ఉంది.

పెద్దకొడుకు పొలం నుంచి వస్తున్నాడు. ఇంటి దగ్గరకు వచ్చేసరికి వాద్యాలు, నాట్యం వినిపించాయి. నేరుగా లోపలికి వెళ్లకుండా ఒక పనివాణ్ని పిలిచి ఏమిటని అడిగాడు. తమ్ముడు వచ్చాడని తెలిసి, కోపంతో గడప దాటనన్నాడు. తండ్రే బయటికి వచ్చి బతిమాలాడు. అప్పుడు లోపల ఉన్నదంతా బయటపడింది. "ఇన్నేళ్లు నీకు చాకిరీ చేశాను, నీ మాట ఎన్నడూ జవదాటలేదు, నాకు ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా? నీ ఆస్తి తగలేసిన ఈ నీ కొడుకు వచ్చేసరికి విందు చేస్తావా?" అన్నాడు. "నా తమ్ముడు" అనలేదు చూడండి. మాట జవదాటలేదన్నది నిజమే కావచ్చు, తండ్రి దాన్ని కాదనలేదు. కానీ అన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి కూడా అతనికి ఆ తండ్రి జీతం ఇవ్వని యజమానిలాగే కనిపించాడు. తప్పు చేయకుండానే తప్పిపోయాడు. అతను లోపలికి వెళ్లాడో లేదో చెప్పకుండా యేసు కథ ఆపేశాడు, ఎందుకంటే ఆ పెద్దకొడుకులాంటివాళ్లే ఎదురుగా నిలబడి వింటున్నారు.

నా అనుభవంలో, చెడ్డవాణ్నని తెలిసిన మనిషికంటే మంచివాణ్నని నమ్మిన మనిషికే సువార్త అర్థం కావడం కష్టం. ఒక పని చేసి చూడండి. ఇతరుల్లో మీకు అస్సలు నచ్చనివి ఏమిటో గుర్తు చేసుకుని, అవే కొలతతో ఒక వారం పాటు మిమ్మల్ని మీరు కొలుచుకోండి. అన్నవే కాదు, అనుకున్నవి కూడా లెక్కలో వేయండి. "చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నాను, వద్దనుకున్న కీడే చేస్తున్నాను" అని పౌలు రోమీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయంలో ఎందుకు మొత్తుకున్నాడో అప్పుడు మీకే తెలుస్తుంది. అందరూ పాపం చేసి దేవుని మహిమను పొందలేకపోయారని అదే పత్రిక 3వ అధ్యాయంలో ఆయన రాశాడు. ఆ "అందరూ"లో పౌలు ఉన్నాడు, నేనున్నాను, మీకు సువార్త చెబుతున్నవాళ్లూ ఉన్నారు. ఇంకెవరివైపో వేలు చూపించడానికి రాసిన మాట కాదది.

జీవం ఇచ్చేవాడికి దూరమైతే మిగిలేది మరణం. పాపానికి వచ్చే జీతం మరణమని బైబిలు అనేది అందుకే. అంటే మనం బయటపడవలసినవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి: చేసిన దాని తాలూకు దోషం, మళ్లీ మళ్లీ అదే చేయించే దాని పట్టు, చివర్లో ఎదురుచూస్తున్న మరణం. ఇందులో ఏ ఒక్కటీ మనం కష్టపడి విడిపించుకోగలిగింది కాదు. పుణ్యం పోగేసి పాపాన్ని సరిచేద్దామనుకుంటాం. కానీ రేపు చేసే మంచి రేపు ఎలాగూ చేయవలసిందే, అది నిన్నటి చెడును చెరపదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఎప్పుడో ఒకాయన చనిపోతే నాకేమిటి?

ముందుగా, ఇది ఊహించి అల్లిన కథ కాదు. పొంతి పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయకు రోమా అధిపతిగా ఉన్నాడు. అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయ తవ్వకాల్లో బయటపడింది. తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం తొలినాళ్లలో రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు సరికదా, క్రైస్తవులంటే గిట్టనివాడు. దాదాపు 30లోనో 33లోనో, యెరూషలేము గోడల బయట గొల్గొతా అనే చోట, ఇద్దరు నేరస్థుల మధ్య యేసును సిలువ వేశారు. ఇంతవరకు చరిత్ర.

ఆ చావుకు అంత అర్థం ఎందుకంటే, చనిపోయింది ఎవరన్నదాన్ని బట్టి. మార్కు సువార్త 2వ అధ్యాయంలో కదలలేని ఒక మనిషిని నలుగురు మోసుకొచ్చి, గుంపు వల్ల దారి లేక, ఇంటి పైకప్పు విప్పి యేసు ముందుకు దించుతారు. యేసు ఆ మనిషితో మొదట అన్న మాట "లేచి నడువు" కాదు. "నీ పాపాలు క్షమించబడ్డాయి" అన్నాడు. అక్కడ కూర్చున్న శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, లోలోపల మండిపడ్డారు. పాపాలు క్షమించడానికి దేవుడికి తప్ప ఎవరికి అధికారం ఉంది అనుకున్నారు. వాళ్ల తర్కంలో లోపం లేదు. నాకు జరిగిన అన్యాయాన్ని నేను క్షమించగలను, మీకు జరిగినదాన్ని నేనెలా క్షమిస్తాను? అన్ని పాపాలనూ క్షమించగలిగినవాడు ఒక్కడే, అన్ని పాపాలూ చివరికి ఎవరి మీద చేసినవో ఆయన. యేసు ఆ చోట నిలబడి మాట్లాడాడు.

అందుకే, దేవుడు ఎవరి మీదో కోపాన్ని సంబంధం లేని మూడో మనిషి మీద తీర్చుకున్నాడని ఎవరైనా చెబితే నమ్మకండి. అదే జరిగి ఉంటే అంతకు మించిన అన్యాయం లేదు. క్రీస్తులో దేవుడే లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు రాశాడు. అన్యాయానికి గురైనవాడే దాని బరువు మోశాడు. అప్పు మాఫీ అయిందంటే ఆ డబ్బు గాలిలో కలిసిపోలేదు కదా, ఇచ్చినవాడు నష్టం తన నెత్తిన వేసుకున్నాడు. క్షమాపణ ఎక్కడైనా అంతే. మిమ్మల్ని బాగా గాయపరిచినవాళ్లను ఎప్పుడైనా నిజంగా క్షమించి ఉంటే, దాని ఖరీదు ఎవరు చెల్లించారో మీకు తెలుసు. సిలువ మీద దేవుడు చెల్లించాడు.

ఈ మరణాన్ని కొత్త నిబంధన ఒక్క పోలికలో ఇమడ్చలేదు. ఇశ్రాయేలు ప్రజలు ఐగుప్తు బానిసత్వం నుంచి బయలుదేరిన రాత్రి వధించిన పస్కా గొర్రెపిల్ల అంటుంది ఒకచోట. చెరలో ఉన్నవాళ్లను విడిపించడానికి చెల్లించిన వెల అని యేసే మార్కు 10వ అధ్యాయంలో అన్నాడు. చీకటి శక్తుల మీద విజయం అని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. తూర్పు దేశాల సంఘాలు మొదటి నుంచీ మరణం మీద గెలుపునే ఎక్కువగా పాడుకున్నాయి. పడమటి సంఘాలు దోషం, తీర్పు, విడుదల అన్నదాన్ని ఎక్కువగా చెప్పాయి. మీకు ఒకటి అర్థం కాకపోతే ఇంకోటి పట్టుకోండి. అన్నీ ఒక్కచోటికే తీసుకొస్తాయి.

నాకైతే ఇదంతా సిలువ దగ్గరే, రెండు మూడు మాటల్లో కనిపిస్తుంది. లూకా 23వ అధ్యాయం తెరవండి. యేసును మేకులతో కొట్టి నిలబెట్టారు. కింద నిలబడిన అధికారులు, "ఇతరులను రక్షించాడు, తనను తాను రక్షించుకోమనండి" అని వెక్కిరించారు. సైనికులు పులిసిన ద్రాక్షారసం అందిస్తూ, "యూదుల రాజువైతే నిన్ను నువ్వు రక్షించుకో" అన్నారు. పక్క సిలువ మీద వేలాడుతున్న నేరస్థుడు కూడా, "నువ్వు క్రీస్తువు కదా, నిన్నూ రక్షించుకో, మమ్మల్నీ రక్షించు" అన్నాడు. ముగ్గురి నోటా అదే మాట. ఆయన తనను తాను రక్షించుకోలేదు. తనను రక్షించుకుంటే వాళ్లను రక్షించడం కుదరదు.

రెండో నేరస్థుడు ఇది చూశాడు. తోటివాణ్ని మందలించాడు. "మనకు తగిన శిక్షే పడింది, ఈయన ఏ తప్పూ చేయలేదు" అన్నాడు. తర్వాత తల తిప్పి, "యేసూ, నీ రాజ్యంలోకి వచ్చినప్పుడు నన్ను గుర్తు చేసుకో" అన్నాడు. అంతకన్నా అడగలేదు, అడిగే ధైర్యం లేదు. యేసు "ఈ రోజే నువ్వు నాతో పరదైసులో ఉంటావు" అన్నాడు.

ఆ మనిషి దగ్గర ఏముందో ఆలోచించండి. బాప్తిస్మం తీసుకునే వీలు లేదు. దోచుకున్నవాళ్లకు తిరిగి ఇచ్చే వీలు లేదు. రేపటి నుంచి బాగా బతుకుతానని చెప్పడానికి రేపు లేదు. చేతులు జోడించడానికి కూడా చేతులు ఖాళీగా లేవు. ఉన్నవి రెండే. తప్పు నాదే అన్న ఒప్పుకోలు, ఈయనే దిక్కు అన్న నమ్మకం. అవి సరిపోయాయి. క్రైస్తవ సందేశం మొత్తంలో గుండెకాయ ఇదేనమ్మా. మనం చేయలేనిదాన్ని దేవుడు చేసి పెట్టాడు. దాన్ని ఉచితంగా ఇస్తున్నాడు. తీసుకోవడానికి ఖాళీ చేతులు చాలు.

ఇదంతా సిలువ దగ్గరే ఆగిపోయి ఉంటే, మంచి మనిషి చనిపోయాడని బాధపడి ఊరుకునేవాళ్లం. మూడో రోజున యేసు సమాధిలోంచి లేచాడన్నది ఈ నమ్మకానికి పునాది. పౌలు ఈ విషయాన్ని దాచకుండా చెప్పాడు. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థం, మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు అన్నాడు. కొరింథీయులకు రాసిన ఆ మొదటి పత్రిక దాదాపు 55 నాటిది, అంటే సిలువ తర్వాత పాతికేళ్లు, అటూ ఇటూగా. లేచిన యేసును ఎవరెవరు చూశారో అందులో వరసగా చెప్పాడు. పేతురు, పన్నెండుమంది, ఒకేసారి అయిదు వందల మందికి పైగా, యాకోబు, చివరికి తాను. ఆ అయిదు వందల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా చేర్చాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టు ఉంటుంది ఆ వాక్యం. ఇంకో సంగతి. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలే. ఆ రోజుల్లో స్త్రీల సాక్ష్యానికి పెద్దగా విలువ ఇచ్చేవాళ్లు కారు. మగదలేనే మరియ, మిగతావాళ్లు వచ్చి చెబితే శిష్యులే వెర్రిమాటలు అనుకున్నారని లూకా దాచకుండా రాశాడు. కథ కట్టేవాళ్లు అలా కట్టరు. మీకు సందేహాలుంటే ఇక్కడ పెట్టండి, ఈ ఒక్కచోట తవ్వండి. మిగతావన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

నమ్మాక ఎలా బతికినా ఫరవాలేదా అని అడిగారు. మీకంటే ముందే పౌలును అడిగారు ఇది. కృప ఎక్కువ కావడానికి పాపం చేస్తూనే ఉందామా అని రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఆయనే ప్రశ్న వేసి, ఎంతమాత్రం కాదు అన్నాడు. ఇక్కడ నమ్మడం అంటే ఒక విషయం నిజమని తల ఊపడం కాదు. దేవుడు ఒక్కడే అని దయ్యాలూ నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అంటాడు యాకోబు. నమ్మడం అంటే మన బరువంతా ఆయన మీద వేయడం, మన బతుకును ఆయన చేతికి ఇవ్వడం. అలా ఇచ్చినవాడు మునుపటిలా ఉండలేడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో, మీరు కృపచేతనే, విశ్వాసం ద్వారా రక్షణ పొందారు, మీ క్రియల వల్ల కాదు, ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు అని ఉంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ వెంటనే, మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని కొత్తగా చేశాడు అని ఉంది. మంచి పనులు రక్షణకు వెల కావు. అవి దాని పంట.

జక్కయ్యను చూడండి. సుంకరుల పెద్ద, అంటే పన్నులు వసూలు చేసేవాళ్ల నాయకుడు, జనాన్ని పీల్చి డబ్బు చేసినవాడు. మేడిచెట్టు ఎక్కి చూస్తున్న అతన్ని యేసు పేరు పెట్టి పిలిచి, ఈ రోజు మీ ఇంట్లో ఉండాలి అన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క రూకైనా వెనక్కి ఇవ్వలేదు. ఆయన వచ్చిన తర్వాతే, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడి చెప్పాడు. ముందు కృప వచ్చింది, దాని వెనకే మార్పు వచ్చింది.

ఆ మార్పు అందరిలోనూ అంత తొందరగా రాదు, ఇది మీతో దాచను. జాన్ న్యూటన్ అనే ఆంగ్లేయ నావికుడు 1748లో ఓడ మునిగిపోయే తుపానులో దేవుడి కోసం కేక పెట్టాడు. తన జీవితం అక్కడే మలుపు తిరిగిందని తర్వాత చెప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు బానిసల ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. 1754లో సముద్రం మానేసింది కూడా అనారోగ్యం వల్లే. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన పాలు ఎంతో బహిరంగంగా రాసింది 1788లో. బ్రిటన్‌లో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ 1807లో చట్టం వచ్చాక, అదే ఏడాది చివర్లో కన్నుమూశాడు. తుపాను రాత్రికీ ఆ ఒప్పుకోలుకూ మధ్య నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో ఓడల అడుగున కుక్కి ఉన్నవాళ్లను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది, ఆ ఆలస్యాన్ని నేను సమర్థించను. కానీ దేవుడు అతన్ని వదిలిపెట్టలేదు, అతను చూడక తప్పని చోటికి తీసుకొచ్చేదాకా వెంటపడ్డాడు. మీకు తెలిసిన విశ్వాసుల్లో ఎవరి ప్రవర్తనైనా మిమ్మల్ని నొప్పించి ఉంటే, వాళ్లు ఇంకా దారిలో ఉన్నారని గుర్తుంచుకోండి. వాళ్ల తప్పును మాత్రం తప్పు కాదనుకోనక్కర్లేదు.

విశ్వాసానికీ క్రియలకూ ఉన్న ఈ లంకె మీద సంఘాలు శతాబ్దాలు కొట్లాడుకున్నాయి. 1517లో జర్మనీ సన్యాసి మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన సంస్కరణ ఉద్యమంలో ఇదే ముఖ్యమైన వాదం అయింది. 1999లో లూథరన్ సంఘాల సమాఖ్య, కేథలిక్ సంఘం కలిసి, మనిషి నీతిమంతుడయ్యేది దేవుని కృప వల్లే, తన అర్హత వల్ల కాదు అని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. అన్ని తేడాలూ తీరిపోలేదు. మీరు మాత్రం వాటి జోలికి ఇప్పుడే వెళ్లనవసరం లేదు.

మరి ఏం చేయాలి? ఫిలిప్పీ చెరసాల నాయకుడు సరిగ్గా ఇదే అడిగాడు. అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని అతను కత్తి దూసి తనను తాను పొడుచుకోబోయాడు. తోటి సేవకుడు సీలతో పాటు అక్కడ ఖైదీగా ఉన్న పౌలు చీకట్లోంచి, "వద్దు, మేమంతా ఇక్కడే ఉన్నాం" అని కేక వేశాడు. అతను దీపం తెప్పించుకుని, వణుకుతూ వచ్చి, "రక్షణ పొందాలంటే నేనేం చేయాలి?" అన్నాడు. "ప్రభువైన యేసు మీద నమ్మకం పెట్టు, నీకూ నీ ఇంటివాళ్లకూ రక్షణ కలుగుతుంది" అన్నారు. జీవితాన్ని చక్కదిద్దుకుని రమ్మనలేదు. ఆ రాత్రే అతను పౌలు, సీలల గాయాలు కడిగాడు. అంతకుముందు తనే ఆ కాళ్లను బొండలో, అంటే కాళ్లు కదలకుండా బిగించే కొయ్యలో, బిగించినవాడు. తర్వాత ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు.

మీరు కూడా అంతే. దేవుడికి మొహం చాటేసి బతికానని ఒప్పుకుని ఆయన వైపు తిరగడం, యేసు నా కోసం చేసినదే నాకు ఆధారం అని ఆయన మీద వాలడం. బాప్తిస్మం ఆ నమ్మకాన్ని నలుగురి ముందు తెలపడం. దాన్ని అర్థం చేసుకుని, ఇష్టపడి తీసుకోవాలి. సంఘంలో ఉండడం దాని తర్వాత వచ్చే జీవితం. వీటిలో దేనికీ ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. దేవుని వరాన్ని కొనాలని సీమోను అనే గారడీవాడు డబ్బు తెస్తే పేతురు ఎంత కటువుగా తిప్పికొట్టాడో కార్యములు 8వ అధ్యాయంలో చదవండి. ఇంట్లోవాళ్లకు ఎదురుతిరగాలని, అమ్మానాన్నలను చిన్నచూపు చూడాలని ఎవరైనా చెబితే వినకండి. దేవుడి పేరు అడ్డుపెట్టుకుని తల్లిదండ్రుల్ని పట్టించుకోనివాళ్లను మార్కు 7వ అధ్యాయంలో యేసే తప్పుపట్టాడు. మీకు కలిగిన నమ్మకాన్ని వాళ్లకు నెమ్మదిగా చెప్పండి. అన్నిటికంటే ముందు మీ ప్రవర్తనలో వాళ్లకు అది కనిపించాలి.

"రక్షణ పొందారా?" అని మళ్లీ అడిగితే, "యేసు గురించి తెలుసుకుంటున్నాను, నా కోసం ప్రార్థించండి" అనండి. అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఇంట్లో మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే, నాలుగింటిలో చిన్నది. అది అయ్యాక లూకా చదవండి. రోమీయులకు రాసిన పత్రిక ఆ తర్వాత చూద్దురుగాని, మొదటే పట్టుకుంటే బరువవుతుంది. అర్థం కాని చోట గీత గీసుకుని ముందుకు వెళ్లండి.

ప్రార్థన ఎలా చేయాలని మీరు అడగలేదు గానీ, చదువుతుంటే చేయాలనిపిస్తుంది. పెద్ద మాటలేమీ అక్కర్లేదు. దేవాలయంలో దూరంగా నిలబడి, తల ఎత్తలేక, గుండెలు బాదుకుంటూ ఒక సుంకరి, "దేవా, పాపిని, నన్ను కరుణించు" అన్నాడు. అతనే నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడని లూకా 18వ అధ్యాయంలో యేసు చెప్పాడు. అది కూడా మనస్ఫూర్తిగా అనలేకపోతే, మార్కు 9వ అధ్యాయంలో జబ్బుతో ఉన్న కొడుకును తీసుకొచ్చిన తండ్రి మాట ఉంది. "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అని ఏడ్చాడు. సగం నమ్మకం, సగం సందేహం ఉన్న ఆ ప్రార్థన విని, ముందు పూర్తిగా నమ్మి రమ్మని యేసు అతన్ని వెనక్కి పంపలేదు. ఆ పిల్లవాణ్ని చేయి పట్టి లేపాడు.